మేతలో మందు

పెంచలయ్య మాత్ర నూరడం రొయ్యల చెరువు మీద నేర్చుకున్నాడు. మేతలో మందు కలిపేటప్పుడు పలుకు మిగలకూడదు. మిగిలితే రొయ్య దాన్ని వదిలేసి పక్క గింజ తింటుంది. పొడి మెత్తగా ఉండాలి, జిగురు పట్టాలి, నీడన ఆరాలి. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పని కనుక ఆ ఉదయం వంటింట్లో చిన్న రోలు ముందు కూర్చున్నప్పుడు చేతులు వాటంతటవే పనిచేశాయి.  

పెరట్లో ప్రమీల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె లోపలికి వచ్చేలోగా పని అయిపోవాలి. తెల్లటి మాత్ర మూడు దెబ్బలకు పొడి అయింది. అందులో మెంతిపొడి, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, మజ్జిగ, రాత్రి మిగిలిన రాగిసంగటి వేసి చేత్తో పిసికి అంబలి చేశాడు. చెంబులో పోసి, అడుగున పొడి పేరుకోకుండా గరిటెతో మరోసారి తిప్పాడు.

"ఏందయ్యా, మళ్ళా మెంతులేనా?" ప్రమీల తల తుడుచుకుంటూ వచ్చింది. "ఆ చేదు నాలిక్కి పట్టుకుంటే మధ్యాన్నందాకా వదల్దు."

"చలవ చేస్తాది. తాగు."

"పెళ్ళయిన ఆరేళ్ళూ లేని చలవ ఇప్పుడొచ్చిందే నీకు! నాకోసం పొయ్యి దగ్గరికి వచ్చే మొగుడని ఎవురికన్నా చెప్తే నమ్మరు."

నవ్వుతూనే చెంబెత్తి గటగటా తాగింది. అతను ఆమె గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాడు. చివరి గుటక దిగాక ఊపిరి వదిలాడు. ఆ రోజుకు ఆమె గండం గడిచింది. అది అతని మాత్ర. తను వేసుకోవలసిన మాత్ర. తను ఆ రోజు ఏమీ వేసుకోలేదు. నిన్నా వేసుకోలేదు. అలా అరవై మూడు రోజులు.

ఇద్దరికీ హెచ్.ఐ.వి. ఉంది. వేరువేరు కాపురాల్లో, వేరువేరు చావుల తర్వాత, నెల్లూరు పెద్దాసుపత్రి మందుల వరసలో ఎవరికి వారు నిలబడినవాళ్ళు. ఇటువంటివాళ్ళకోసమే ఏడాదికోసారి ఒక కల్యాణమండపంలో పెళ్ళిచూపుల సభ జరుగుతుంది. అక్కడ ఎవరూ కులం అడగరు, గోత్రం అడగరు. లేచి నిలబడి పేరూ ఊరూ చెప్పి, ఆ తర్వాత రక్తంలో రక్షక కణాల అంకె చెబుతారు. ప్రమీల "ఆరువందల ఇరవై" అనగానే వెనక బెంచీలవాళ్ళు ఈల వేశారు. పెంచలయ్య తనది నాలుగొందలేనని సిగ్గుపడుతూ చెప్పాడు. "పరవాలేదు, నేనొండి పెడితే పెరగతాది" అందామె మైకులోనే.

పెళ్ళయిన మరునాటినుంచీ పొద్దున ఏడింటికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాత్ర వేసుకునేవారు. ముందు వేసుకున్నవాళ్ళు రెండోవాళ్ళు మింగేదాకా కదిలేవారు కాదు. పూజ లేని ఇంట్లో అదే పూజ. పెంచలయ్యకు తన కాపురం ఏమిటని అడిగితే ఆ నిమిషమే గుర్తొచ్చేది.

ప్రమీల ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఎవరో ఆమె మందుల డబ్బా చూశారు. మర్నాడు గిన్నెలన్నీ నిండుగా ఉండిపోయాయి. ఒక్క పిల్లా తినలేదు. వంటవల్ల ఈ జబ్బు అంటదని ఆస్పత్రి కౌన్సెలర్ వచ్చి చెప్పింది. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నందువల్ల ఆమె రక్తంలో వైరస్ కనిపించడమే లేదని కాగితం చూపించింది. "ఇయ్యాళ కనపళ్ళా. రేపు కనపడితే?" అన్నాడొక తండ్రి. ఆ ప్రశ్నకు జవాబున్న కాగితం ఎవరి దగ్గరా లేదు.

అందుకే హైవే పక్క పరిశోధన కేంద్రంవాళ్ళు కొత్త సూదిమందుకు మనుషులు కావాలన్నప్పుడు ప్రమీల అందరికంటే ముందు చెయ్యెత్తింది.

ఆ సూదిమందు డాక్టర్ మెహరున్నీసాది. పొట్టి మనిషి, కళ్ళజోడు తలమీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతుక్కునే మనిషి. మొదటిరోజు పెంచలయ్యను అడిగింది, "మాత్ర ఏం చేస్తుందో తెలుసా అన్నా?"

"పురుగును చంపతాదంట."

"చంపదు. పిల్లలు పెట్టనియ్యదు. వైరస్ ఒంటరిగా ఏం చేయలేదు. తెల్ల కణంలో దూరి, తన నకలు రాసి, దాన్ని కణం రాతలో అతికించాలి. మాత్రలో ఒక మందు నకలు రాయనియ్యదు, ఇంకోటి అతకనియ్యదు. అందుకే రక్తంలో కనపడదు. కాని మాత్రలు మొదలుపెట్టకముందే అతుక్కున్నవి కొన్ని ఉంటాయి. కొన్ని కణాల్లో నిద్రపోతుంటాయి. వాటి జోలికి మాత్ర పోలేదు. మాత్ర ఆపితే అందులో ఏదో ఒకటి లేస్తుంది. మూడు నాలుగు వారాల్లో రక్తమంతా అదే."

పెంచలయ్యకు తన చెరువు గుర్తొచ్చింది. "చెరువు ఎండగట్టి సున్నం జల్లినా బురదలో తెల్లమచ్చ రోగం మిగిలినట్టు."

"అదే!" డాక్టరమ్మ బల్ల చరిచింది. "నా సూదిమందు ఆ బురదలోకి దిగుతుంది. నిద్రపోయేది ఎక్కడుంటే అక్కడ దాన్ని మళ్ళీ లేవకుండా మూసేస్తుంది. కోతుల్లో మూసింది. మనుషుల్లో మూసిందో లేదో తెలియాలంటే ఒకటే దారి. మాత్ర ఆపి చూడాలి."

ప్రమీలతో కలిపి తొమ్మిదిమందికి సూదులు వేశారు. పెంచలయ్య చేరలేదు. మాత్రల డబ్బాలు వెనక్కి తీసుకున్నారు. వారానికోసారి రక్తం తీసి చూస్తారు. వైరస్ మళ్ళీ కనిపిస్తే ఆ రోజే మాత్రలు మొదలుపెడతారు. మొదటినెల రక్తంలో మాత్ర ఛాయ ఉందా అని కూడా చూశారు. ఎవరిలోనూ లేకపోయేసరికి ఆ పరీక్ష ఆపేశారు. దొంగతనంగా మందు మానేసేవాళ్ళను వాళ్ళు చాలామందిని చూశారు. దొంగతనంగా మందు పెట్టేవాళ్ళను ఎప్పుడూ చూడలేదు.

మూడోవారంలో ఇద్దరికి తిరగబెట్టింది. నాలుగోవారంలో మరొకరికి. అయిదోవారంలో మరో ఇద్దరికి. ఆ ఇద్దరిలో ఒకడు ఆటో నడిపే కుర్రవాడు, వారం క్రితమే కేంద్రం గుమ్మంలో పెంచలయ్యకు స్వీట్లు పంచినవాడు. ఆ సాయంత్రం ప్రమీల అన్నం తింటూ దగ్గింది. పొరబోయిన దగ్గే. పెంచలయ్యకు మాత్రం మొదటి భార్య చివరి నెలల దగ్గు వినిపించింది. మర్నాటి పొద్దున మాత్ర చేతిలోకి తీసుకున్నాడు, నీళ్ళ గ్లాసు ఎత్తాడు, మింగలేదు.

చెరిసగం చేద్దామా అనుకున్నాడొకసారి. కాని చెరువులో సగం మందు జల్లితే ఏమవుతుందో అతనికి తెలుసు. రోగం చావదు, మందుకు అలవాటుపడుతుంది. మళ్ళీ పూర్తి మందు పోసినా లెక్కచేయదు. ఇస్తే ఒకరికి పూర్తిగా ఇవ్వాలి. అంత తెలిసినవాడు తను చేస్తున్నది తప్పని తెలియనివాడు కాదు. వారం ఇచ్చి ఆపేద్దామనుకున్నాడు. వారం తర్వాత, ఇప్పుడు ఆపితే లేస్తుందేమోనన్న భయం కొత్తగా పుట్టింది. ఇచ్చిన ప్రతి మాత్రా మర్నాటి మాత్రకు కారణమైంది.

ఏడోవారానికి మిగిలిన ముగ్గురికీ తిరగబెట్టింది. తొమ్మిదిమందిలో ప్రమీల ఒక్కతే నిలిచింది.

"నీ ఒంట్లో ఏదో ఉంది పిల్లా," అని డాక్టరమ్మ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు వదలడానికి చాలాసేపు పట్టింది. అప్పటినుంచి కేంద్రంలో అందరూ ప్రమీల రక్తాన్ని చూస్తున్నారు. ఆమెకు పడిన మోతాదెంత, ఏ పూట సూది వేశారు, ఆమె కణాల తీరేమిటి. అవన్నీ చూసి, ఆమెకిచ్చినట్టే మరో నూటఇరవైమందికి ఇవ్వాలని నిర్ణయించారు. వాళ్ళ మాత్రలూ ఆపుతారు.

చెరువు గట్టుమీద మస్తాన్ మేతబస్తా దింపుతూ పెంచలయ్య మొహంలోకి చూశాడు. మస్తాన్ అతనితో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నవాడు. జబ్బు సంగతి తెలిసీ దూరం జరగని ఒకేఒక్క తోటివాడు.

"ఏందన్నా, ఎండబెట్టిన బొమ్మిడాయి మాదిరి అయిపోతా ఉండావు? మెడకింద ఆ గడ్డలేంది?"

"పన్నునొప్పి."

"పన్నునొప్పికి రెండుపక్కలా వస్తాయా? ఒళ్ళు కాలిపోతా ఉంది నీకు. ఆస్పత్రికి పోయి రక్తం చూపిచ్చుకో."

"చూపిచ్చుకుంటాలే. నువ్వు ముందు ఆ ఏరియేటర్ చూడు, ఒక రెక్క ఆగిపోయింది."

రక్తం చూపించుకోవలసిన తేదీ దాటి నెలైంది. వెళితే అంకె చెప్పేస్తుంది. తన ఒంట్లో ఇప్పుడు లేచి తిరుగుతున్నది ఎంతో అతనికి తెలుసు. అందుకే పడక వసారాలోకి మార్చుకున్నాడు. తనదేదీ ఆమెకు అంటకూడదు. ఉక్కపోతని చెప్పాడు, నడుంనొప్పని చెప్పాడు.

నాలుగోరోజు ప్రమీల వసారా గుమ్మంలో నిలబడింది. "జబ్బు పోయిందన్న కాయితం చేతికి రాకముందే పరాయిదాన్ని అయిపోయానా?"

"అదేంది మే, అట్టా అంటావు?"

"ఎట్టా అనాల? జబ్బుండప్పుడు పక్కన పడుకున్నావు. బాగవతా ఉంటే దూరం జరగతా ఉండావు. పొద్దన్నే నువ్వు మాత్ర యేసుకునేది కూడా కనపడనీవు. నాకు చూపిస్తే నీ సొమ్మేం పోతాది?"

అతను చాప దులిపి పరుచుకున్నాడు. ఆమె అది చూసి లోపలికి వెళ్ళిపోయింది. చాపమీద వెల్లకిలా పడుకుని పెంచలయ్య తన మనసును తిరగేసి చూసుకున్నాడు. ఆమె చస్తుందేమోనని భయపడ్డాడు, నిజమే. ఆ భయాన్ని ఎవరికైనా చెప్పుకోవచ్చు, చెబితే జాలిపడతారు. దానికింద మరొకటి ఉంది. ప్రమీల బాగైతే? బడికి వెళుతుంది. నలుగురిలో తలెత్తుకు తిరుగుతుంది. నాలుగొందల అంకె మనిషిని కల్యాణమండపంలో ఎందుకు ఒప్పుకుందో ఒకరోజు తనలో తాను అడుక్కుంటుంది. రోజూ నూరుతున్నది ఏ భయాన్ని తీర్చడానికో అతనికి అంతుపట్టలేదు. ఆమె కడుపులోకి మాత్ర దిగినప్పుడల్లా తనకు కలిగే నిమ్మళం మాత్రం తెలుసు. ఆమె ఇంకా తన వరసలోనే ఉందన్న నిమ్మళం అందులో ఎంతుందో కొలవడానికి ధైర్యం చాలలేదు.

కొత్తవాళ్ళతో మొదటి సమావేశం ఆ సోమవారం. కేంద్రం పెద్దగదిలో ముప్పైమంది దాకా కూర్చున్నారు. సంకలో బిడ్డతో ఒక పడుచు, లుంగీ పైకి కట్టుకున్న ముసలాయన, కాలేజీ సంచితో ఒక అమ్మాయి. డాక్టరమ్మ ప్రమీలను లేచి మాట్లాడమంది.

ప్రమీల పట్టంచు చీర కట్టుకుంది. "నేను మాత్ర మానేసి పద్నాలుగు వారాలు," అంది. "మొదట్లో పొద్దన ఏడయితే చెయ్యి దానంతటదే డబ్బాకోసం పోయేది. భయమేసింది. ఏడుపొచ్చింది. మీకూ వస్తాది. కాని నన్ను చూడండి. రాయి మాదిరి ఉండా."

నవ్వులు. బిడ్డతల్లి లేచింది. "అక్కా, నేను పాలిస్తా ఉండా. మాత్ర ఆపితే బిడ్డకేమీ కాదు కదా?"

డాక్టరమ్మ అందుకుంది, "పాలిచ్చేవాళ్ళను ఇందులో తీసుకోమమ్మా. ఆపేశాక మళ్ళీ రా."

"పాలు ఆపేస్తా, ఇయ్యాళే ఆపేస్తా మేడం," అంది ఆ పిల్ల ఆత్రంగా. "నన్ను మాత్రం తియ్యబాకండి. ఆ అక్కకి పోయినట్టు నాకూ పోవాల."

గోడకు ఆనుకున్న పెంచలయ్యకు చెమటలు పట్టాయి. జ్వరమో మరేమో. తను ఒక చెంబులో కలిపింది ఈ గదంతా తాగబోతోంది. నోరు తెరిస్తే ప్రమీల పోతుంది. తెరవకపోతే వీళ్ళు పోతారు. అంత స్పష్టంగా ఉన్నా అతని నాలుక కదలలేదు. ఆ పిల్ల రొమ్ముమీది బిడ్డను పక్కకు తీసి కొంగు సర్దుకోవడం కనిపించింది. అప్పుడు కదిలింది.

"ఆమె మానలేదు."

అందరూ తిరిగారు.

"ఆమె మాత్ర మానలేదు డాక్టరమ్మా. ఆమెకి తెలవదు. నేను పెడతానే ఉండా. అంబట్లో కలిపి. నాది."

ప్రమీల నిలబడినచోటే నిలబడి ఉంది. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె నాలుక పెదవులమీదికి వచ్చి, ఏదో రుచి వెతుకుతున్నట్టు ఆగింది.

"మెంతులు," అంది.

రెండు గంటల తర్వాత డాక్టరమ్మ గదిలో ముగ్గురే ఉన్నారు. పెంచలయ్య రక్తంలో వైరస్ లక్షలు దాటింది. ఈ రోజునుంచే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాలంది డాక్టరమ్మ. వైరస్ మందుకు అలవాటుపడిందో లేదో చూడాలంది. అతన్ని తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో మొహం మూసుకుంది.

"ఎప్పుడు మొదలుపెట్టావన్నా?"

"అయిదో వారం దాటినాక."

"అంటే అయిదు వారాలు నిజం." ఆమె తనలో తనే మాట్లాడుకుంటోంది. "అయిదు వారాలు మాత్ర లేకుండా రాలేదు. ఆలస్యంగా వచ్చేదో, అసలు వచ్చేదే కాదో. ఆ సంగతి తెలియకుండా చేశావు కదన్నా."

 ప్రమీల అతనివైపు తిరిగింది. "నేను చస్తానని పెట్టావా, బాగవతానని పెట్టావా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. అతను దాన్ని చెప్పలేకపోయాడు. "రెండూ."

"ఏది ఎంత?"

"తెలవదు."

ఆమె తల ఊపింది. డాక్టరమ్మతో అంది, "నేను మళ్ళా ఆపతా. ఇయ్యాళ్టినుంచే. వారం వారం రక్తం తియ్యండి, మాత్ర ఛాయ ఉందేమో ప్రతిసారీ చూడండి. అంకె నాకే చెప్పాల. ఈయనకి చెప్పొద్దు."

"వైరస్ వస్తే వెంటనే మాత్రలు వేసుకోవాలి. మాటివ్వు."

"ఇస్తా."

ఇల్లు వదిలి వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు. అదే ఇంట్లో వేరుగా వండుకుంది. తన బియ్యం తను కొలిచింది, తన బిందె తను తెచ్చుకుని మూతమీద రాయి పెట్టింది. అతను ముట్టిన గ్లాసు కడక్కుండా ముట్టలేదు. ఊరంతా ఒకప్పుడు ఆమెతో చేసిందే ఆమె ఇప్పుడు అతనితో చేస్తోందని పెంచలయ్యకు తోచింది. ఊరికి కారణం లేదు, ఆమెకు ఉంది. పొద్దున ఏడింటికి మాత్రం ఎదురుగా వచ్చి నిలబడేది. అతను మాత్ర మింగేదాకా చూసి, "నోరు తెరువు" అనేది. నాలుక ఎత్తించి చూసి వెళ్ళిపోయేది. ఆ రోజుకు వాళ్ళ మధ్య మాట అంతే.

అతని జ్వరం తగ్గింది. గడ్డలు కరిగాయి. అదృష్టవశాత్తూ వైరస్ మందుకు ఇంకా లొంగుతోందని ఆస్పత్రిలో చెప్పారు. పరిశోధన కేంద్రంలో కొత్త సూదులు ఆగిపోయాయి. అంతా ఇప్పుడు ఒక్క మనిషి రక్తంమీద ఆగి ఉంది. ఆ మనిషి ఎవరికీ ఏమీ చెప్పదు. మూడోవారం గడిచింది. నాలుగు, అయిదు. ప్రతి సోమవారం ఆమె బస్సు దిగి వస్తుంటే నడకలో అంకె వెతికేవాడు. ఏడోవారం దాటింది. మిగతా ఎనిమిదిమందిలో అందరికంటే ఆలస్యంగా వచ్చిందే ఏడోవారంలో.

తొమ్మిదోవారం సోమవారం సాయంత్రం ఆమె నేరుగా చెరువు మీదికి వచ్చింది. నెలల తర్వాత ఆమె గట్టెక్కడం అదే. మస్తాన్ చూసి, "నేను ఆ పక్క చెరువు చూసొస్తానన్నా" అని జారుకున్నాడు. పెంచలయ్య మేత ట్రేని తాడుతో పైకి లాగుతున్నాడు. అడుగున నాలుగు గింజలు మిగిలాయి, మూడు రొయ్యలు ఎగురుతున్నాయి.

"ఫోనొచ్చింది," అంది ప్రమీల. "వైరస్ మళ్ళా వచ్చింది నాకు. పన్నెండు వేలు."

"అయ్యో," అన్నాడతను.

కాని ఆ మాట కంటే ముందు మరొకటి జరిగింది. రెప్పపాటు. భుజాలు దిగాయి. నెలలుగా పట్టేసి ఉన్న ఊపిరి వదులైంది. పెదవి ఒక పక్కకు మెత్తబడింది. ఒళ్ళు చేసిన ఆ పని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"రాలేదు," అంది ప్రమీల.

"ఏంది?"

"వైరస్. రాలేదు. మాత్ర ఛాయ కూడా లేదంట. రెండేళ్ళు చూడాలంటా ఉంది డాక్టరమ్మ, కాని సంతోషం పట్టలేక ఏడస్తా చెప్పింది. నీ మొహం చూద్దామని అట్టా అన్నా."

ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. పెంచలయ్య తాడు పట్టుకుని నిలబడిపోయాడు. సంతోషపడాలి, ఇప్పుడైనా. ఆ సంతోషం వస్తోంది కూడా. కాని ఒకసారి ఆలస్యంగా వచ్చినదాన్ని ఆమె ముందు ఎలా పెట్టాలో తెలియలేదు.

"ఆ రోజు ఏది ఎంతో తెలవదన్నావే," అంది ఆమె. "ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది."

"నాకూ తెలిసింది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమైతే అతను తట్టుకునేవాడు. ఆమె మేతబస్తా మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. బడివైపు రోడ్డు అక్కడినుంచి కనిపిస్తుంది, ఆరింటి బస్సు ఆగే చోటూ కనిపిస్తుంది. రెంటినీ ఒకలాగే చూసింది.

పెంచలయ్య ట్రేలో కొత్త మేత పోసి నీళ్ళలోకి దించాడు. తాడు మేకుకు కట్టాడు. తిన్నాయో లేదో తెలియాలంటే గంట ఆగాలి. వెనక్కి తిరిగి చూడలేదు. బస్తా చప్పుడవుతుందేమోనని చెవి మాత్రం అటే పెట్టాడు. ఆమె ఇంకా లేవలేదు.